అజిత్ పాయ్ నిజంగా నమ్మారా? నెట్ న్యూట్రాలిటీ రద్దు, ఒక నియంత్రకుడి నిజాయతీ

ఈ వ్యాసం నా సొంత తప్పుతో మొదలవుతుంది.

కిందటేడాది ఒక టెస్ట్ సిరీస్‌లో నియంత్రణ సంస్థల స్వతంత్రత మీద ఎస్సే ఇచ్చారు. ఉదాహరణ కోసం అమెరికా వెళ్లాను. "వెరిజాన్ కంపెనీ మాజీ లాయర్ అజిత్ పాయ్, తన పాత యజమానుల కోసమే నెట్ న్యూట్రాలిటీని రద్దు చేశారు" అని రాశాను. ఎంత బాగా రాశానో అనుకున్నాను. దిద్దిన సార్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఆయన మనసులో ఏముందో నీకెలా తెలుసు?"

నాకు మొదట కోపం వచ్చింది. ఇంత బహిరంగమైన విషయానికి రుజువు కావాలా అనిపించింది. తర్వాత కూర్చుని చదివాను. చదివేకొద్దీ నా వాక్యంలో సగం బలం పోయింది. మిగిలిన సగం నేను అనుకున్నదానికంటే ముఖ్యమైనదని తేలింది. ఆ చదువు నోట్సే ఈ వ్యాసం. జీఎస్-2లో నియంత్రణ సంస్థలకు, జీఎస్-4లో నిష్పాక్షికత, ప్రయోజన వైరుధ్యం లాంటి అంశాలకు పనికొస్తుంది. అంతకుమించి, రేపు మీరు కుర్చీలో కూర్చున్నాక మీ మీద కూడా ఇదే ప్రశ్న వస్తుంది.

ముందు విషయం ఏమిటో

నేను ఈసీఈ చదివాను కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. మీ ఇంటికి కనెక్షన్ ఇచ్చే కంపెనీ ఆ ప్యాకెట్ ఎవరిది, అందులో ఏముంది అని చూసి ఒకదాన్ని ఆపడం, ఇంకొకదాన్ని నెమ్మది చేయడం, డబ్బిచ్చినవాడిదాన్ని ముందుకు తోయడం చేయకూడదు. ఇదే నెట్ న్యూట్రాలిటీ. ఉత్తరం ఎవరు రాశారో చూసి పోస్ట్‌మ్యాన్ బట్వాడా ఆపకూడదు కదా, అలాంటిదే. ఈ పేరు పెట్టింది న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ, 2003లో.

అమెరికాలో గొడవంతా ఒక వర్గీకరణ చుట్టూ తిరిగింది. ఇంటర్నెట్ కనెక్షన్ "టెలికమ్యూనికేషన్ సేవ" అయితే, 1934 కమ్యూనికేషన్స్ చట్టంలోని టైటిల్ 2 వర్తిస్తుంది. అంటే టెలిఫోన్ కంపెనీలాగే అందరికీ సమానంగా సేవ చేయాలి. "సమాచార సేవ" అయితే ఆ కట్టుబాట్లు ఉండవు. ఏ గదిలో పెట్టాలన్నది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ నిర్ణయించేది.

కాలక్రమం ఇలా గుర్తుపెట్టుకోండి:

2002: కేబుల్ ఇంటర్నెట్‌ను ఎఫ్‌సీసీ "సమాచార సేవ" గదిలో పెట్టింది. 2005లో బ్రాండ్ ఎక్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

2007–2010: బిట్‌టొరెంట్ వాడేవాళ్ల ట్రాఫిక్‌ను కామ్‌కాస్ట్ అడ్డుకుంటోందని బయటపడింది. 2008లో ఎఫ్‌సీసీ తప్పుపట్టింది. 2010 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదంది. అదే ఏడాది డిసెంబర్‌లో కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది.

2014 జనవరి: వెరిజాన్ వేసిన కేసులో ఆ నిబంధనల్లో కీలకమైనవి పోయాయి. టైటిల్ 2 గదిలో పెట్టకుండా టైటిల్ 2 లాంటి బాధ్యతలు మోపలేరని కోర్టు చెప్పింది.

2015 ఫిబ్రవరి 26: ఛైర్మన్ టామ్ వీలర్ హయాంలో, 3–2 ఓట్లతో టైటిల్ 2 వచ్చింది. ఆపడం, నెమ్మది చేయడం, డబ్బు తీసుకుని ముందుకు తోయడం మూడూ నిషేధం.

2017 డిసెంబర్ 14: ఛైర్మన్ అజిత్ పాయ్ హయాంలో, 3–2 ఓట్లతో అవన్నీ రద్దు. 2018 జూన్ 11 నుంచి అమలు.

ఇక్కడ ఒక వింత గమనించండి. 2010 నాటి మెత్తని నిబంధనల మీద వెరిజాన్ కోర్టుకెళ్లి గెలవబట్టే ఎఫ్‌సీసీ గట్టి నిబంధనలకు వెళ్లాల్సివచ్చింది. కంపెనీలకు తమ మేలు ఎప్పుడూ తెలుస్తుందనుకోవడం కూడా పొరపాటే.

ఎవరీ పాయ్?

భారత్ నుంచి వలస వెళ్లిన కొంకణి డాక్టర్ దంపతుల కుమారుడు. పది డాలర్లు, ఒక రేడియోతో తన తల్లిదండ్రులు అమెరికా వచ్చారని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న పట్టణంలో పెరిగారు. హార్వర్డ్, ఆపైన షికాగోలో న్యాయవిద్య. న్యాయశాఖ యాంటీట్రస్ట్ విభాగంలో ఉద్యోగం చేశారు. 2001 నుంచి 2003 వరకు వెరిజాన్‌లో లాయర్. తర్వాత సెనేట్ కమిటీల్లో, ఎఫ్‌సీసీ న్యాయ విభాగంలో పనిచేశారు. 2012లో కమిషనర్ అయ్యారు. ఆయన్ను రిపబ్లికన్ సీటుకు నామినేట్ చేసింది ఒబామాయే. 2017 జనవరిలో ట్రంప్ ఛైర్మన్‌ని చేశారు.

"వెరిజాన్ లాయర్, ఇంకేం చెప్పాలి?" అంటారు చాలామంది. నేనూ అదే అన్నాను. కానీ టామ్ వీలర్ సంగతి చూడండి. ఆయన అంతకుముందు కేబుల్ కంపెనీల సంఘానికి, తర్వాత మొబైల్ కంపెనీల సంఘమైన సీటీఐఏకు నాయకత్వం వహించిన మనిషి. 2013లో ఆయన ఛైర్మన్ అయినప్పుడు కుక్కను గొర్రెలకు కాపలా పెట్టారా, తోడేలును పెట్టారా అన్న అనుమానాలే. 2014లో ఆయన మొదట పెట్టిన ప్రతిపాదన వేగపు దారులు అమ్ముకోవడానికి తలుపు తెరిచేలా ఉందని జనం మండిపడ్డారు. నవంబర్‌లో ఒబామా బహిరంగంగా టైటిల్ 2 కోరారు. చివరికి అమెరికా చరిత్రలోనే గట్టి నిబంధనలు తెచ్చింది ఆ మాజీ పరిశ్రమ ప్రతినిధే. రెండేళ్ల కంపెనీ ఉద్యోగం ఒకరి నిర్ణయాన్ని ముందే చెప్పేస్తే, పాతికేళ్లకు పైగా పరిశ్రమతో నడిచిన వీలర్ నిర్ణయం తలకిందులు కావాలి కదా? కాబట్టి పాత ఉద్యోగం అనుమానానికి కారణం కావచ్చు, రుజువు కాదు.

నాలుగు తూకాలు

మనసులోకి తొంగిచూడలేం. చేతలను తూచగలం. నేను నాలుగు తూకాలు పెట్టుకున్నాను.

మొదటిది, అధికారం రాకముందు ఏమన్నారు? 2015లో పాయ్ మైనారిటీ సభ్యుడు. ఓడిపోతానని తెలిసి పొడవాటి అసమ్మతి రాశారు. 1934 నాటి టెలిఫోన్ గుత్తాధిపత్య చట్టాన్ని ఇంటర్నెట్‌కు తగిలిస్తే పెట్టుబడులు తగ్గుతాయని, వైట్‌హౌస్ ఒత్తిడికి స్వతంత్ర సంస్థ లొంగిందని వాదించారు. 2016 డిసెంబర్‌లో, ఇంకా ఛైర్మన్ కాకముందే, ఈ నిబంధనలకు రోజులు దగ్గరపడ్డాయని ప్రసంగించారు. అధికారం వచ్చాక అదే చేశారు. ఈ తూకంలో ఆయన నెగ్గారు.

రెండోది, తనవాళ్లకు ఎదురుగా ఎప్పుడైనా నిలబడ్డారా? 2018 జనవరిలో 5జీ నెట్‌వర్క్‌ను ప్రభుత్వమే కట్టాలన్న వైట్‌హౌస్ జాతీయ భద్రతా విభాగపు ఆలోచన బయటికి పొక్కింది. పెట్టుబడి, నవకల్పన మార్కెట్ నుంచే వస్తాయంటూ పాయ్ వెంటనే వ్యతిరేకించారు. అదే ఏడాది జూలైలో సింక్లెయిర్–ట్రిబ్యూన్ టీవీ సంస్థల విలీనం మీద తీవ్ర సందేహాలు లేవనెత్తారు. ట్రంప్ బహిరంగంగా అసంతృప్తి ప్రకటించారు. ఇవి ఆయన ఖాతాలో వేయాల్సినవే.

కానీ 2020 చూడండి. సోషల్ మీడియా కంపెనీలకు రక్షణ ఇచ్చే సెక్షన్ 230కి ఎఫ్‌సీసీ కొత్త అర్థం చెప్పాలని ట్రంప్ ఉత్తర్వు కోరింది. ఇంటర్నెట్ మీద ప్రభుత్వ చెయ్యి తేలిగ్గా ఉండాలని ఏళ్లతరబడి చెప్పిన పాయ్, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, అక్టోబర్‌లో, నిబంధనల ప్రక్రియ మొదలుపెడతానన్నారు. ఆ ఉత్తర్వు మీద సందేహం వ్యక్తం చేసిన సహ కమిషనర్ మైకేల్ ఓరైలీ పునర్నియామకాన్ని వైట్‌హౌస్ అంతకు రెండు నెలల ముందే వెనక్కి తీసుకుంది. ఎన్నికల తర్వాత, 2021 జనవరిలో, ఇక సమయం లేదని పాయ్ ఆ పని వదిలేశారు. ఈ తూకంలో ముల్లు అటూ ఇటూ ఊగుతుంది.

మూడోది, ఎదురు సాక్ష్యం వచ్చినప్పుడు ఏం చేశారు? నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

పెట్టుబడి సంగతి: 2014–2016 మధ్య 12 పెద్ద కంపెనీల పెట్టుబడి 5.6 శాతం తగ్గిందన్న లెక్కను ఆయన ఆధారం చేసుకున్నారు. వేరే కంపెనీలను, వేరే పద్ధతిని తీసుకున్నవాళ్లకు పెరుగుదల కనిపించింది. రెండేళ్ల లెక్కతో కారణం తేల్చడం ఎంత కష్టమో ఎకానమీ చదివే మనకు తెలుసు. ఆయన మాత్రం తేలిపోయినట్టే మాట్లాడారు.

వెబ్‌సైట్ సంగతి: 2017 మేలో ఒక టీవీ హాస్య కార్యక్రమం జనాన్ని అభిప్రాయాలు పంపమన్నాక ఎఫ్‌సీసీ సైట్ మొరాయించింది. బయటి నుంచి సైబర్ దాడి జరిగిందని సంస్థ చెప్పింది. 2018 ఆగస్టులో సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక దాడి ఏమీ లేదని తేల్చింది. తనకు తప్పుడు సమాచారం ఇచ్చారని పాయ్ మాజీ ఐటీ అధికారిని నిందించారు. అది నిజమే కావచ్చు. కానీ ఒక ఛైర్మన్, "జనమే ఎక్కువమంది వచ్చారేమో" అని ముందుగా అడగకపోవడం కూడా ఒక సమాచారమే.

అగ్నిమాపక సంగతి: 2018 వేసవిలో కాలిఫోర్నియా కార్చిచ్చుతో పోరాడుతున్న శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళం డేటా వేగాన్ని వెరిజాన్ తగ్గించింది. అది ప్లాన్ పరిమితి, కస్టమర్ సపోర్ట్ పొరపాటు, నెట్ న్యూట్రాలిటీకి సంబంధం లేదు అని కంపెనీ చెప్పింది. అయినా 2019 అక్టోబర్ 1న మొజిల్లా కేసులో అప్పీలు కోర్టు, రద్దును చాలావరకు సమర్థిస్తూనే, ప్రజా భద్రత గురించి ఎఫ్‌సీసీ సరిగా ఆలోచించలేదంది. మళ్లీ చూడమంది. రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకోకుండా ఆపే భాగాన్ని కొట్టేసింది. 2020 అక్టోబర్‌లో కమిషన్ మళ్లీ చూసింది. మార్చాల్సిందేమీ లేదని 3–2తో తేల్చింది.

నాలుగోది, కుర్చీ దిగాక ఎక్కడికెళ్లారు? 2021 జనవరిలో పదవి వదిలారు. ఒక పెట్టుబడి సంస్థలో భాగస్వామి అయ్యారు. 2025లో సీటీఐఏకు అధిపతి అయ్యారు. అవును, ఒకప్పుడు వీలర్ నడిపిన సంఘమే. ఇది కూడా రుజువు కాదు. నమ్మినవాడు, తన నమ్మకానికి జీతమిచ్చే చోటికే వెళ్తాడు. కానీ చూసేవాడికి నమ్మకం ఎక్కడ ఆగి ప్రయోజనం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

నా తీర్పు, దాని తర్వాత వచ్చే అసలు ప్రశ్న

పాయ్ నమ్మారనే నేను ఇప్పుడు అనుకుంటున్నాను. అబద్ధం ఆడేవాడు ఓడిపోయే రోజుల్లో అంత పొడవుగా రాయడు. అయితే ఈ తీర్పు ఆయన్ను గెలిపించదు. ఎందుకో చెబుతాను.

ఓట్ల లెక్క మరోసారి చూడండి. 2010లో 3–2. 2015లో 3–2. 2017లో 3–2. 2024 ఏప్రిల్‌లో బైడెన్ హయాం కమిషన్ నిబంధనలను తిరిగి తెచ్చినప్పుడు కూడా 3–2. ఎఫ్‌సీసీలో ఐదుగురు సభ్యులు, ఒకే పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదు. ప్రతిసారీ ఓటు సరిగ్గా పార్టీ గీత మీదే చీలింది. ఇంతమంది వ్యక్తులు ఎవరికివారు నిజాయతీగా ఆలోచించి ప్రతిసారీ అదే గీత మీద చీలుతారా? చీలుతారు, ఒక షరతు మీద: ముందే అలా నమ్మేవాళ్లనే ఏరి కూర్చోబెడితే.

నా ఎస్సేలో నాకు తట్టనిది ఇదే. లాబీకి నియంత్రకుణ్ణి కొనాల్సిన పనిలేదు. ఎప్పటినుంచో తనలాగే ఆలోచించే నిజాయతీపరుణ్ణి ఆ కుర్చీలో చేర్చగలిగితే చాలు. ఆయన రూపాయి ముట్టడు. రాత్రి హాయిగా నిద్రపోతాడు. అందుకే "నిజంగా నమ్ముతున్నాడా?" అన్న ప్రశ్న కంటే "ఆ నమ్మకాన్ని సవాలు చేసే ఏర్పాటు సంస్థలో ఉందా?" అన్న ప్రశ్న పెద్దది.

చివరికి ఏమైంది? 2024 జూన్‌లో లోపర్ బ్రైట్ తీర్పుతో సుప్రీంకోర్టు, చట్టంలో అస్పష్టత ఉంటే సంస్థ చెప్పిన అర్థాన్ని కోర్టులు గౌరవించాలన్న పాత సూత్రాన్ని తీసేసింది. 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2024 నిబంధనలను కొట్టేసింది. గది మార్చే అధికారమే ఎఫ్‌సీసీ చేతుల్లోంచి జారిపోయింది. ఇరవై ఏళ్లపాటు కాంగ్రెస్ స్పష్టమైన చట్టం చేయకుండా, నియంత్రకుల నమ్మకాల మీద వదిలేసినందుకు వచ్చిన ఫలితం ఇది.

మన దగ్గర

అమెరికా రద్దుకు రెండు వారాల ముందు, 2017 నవంబర్ 28న, మన ట్రాయ్ నెట్ న్యూట్రాలిటీకి అనుకూలంగా సిఫార్సులు చేసింది. 2018 జూలైలో కేంద్రం ఆమోదించింది. అంతకుముందే, 2016 ఫిబ్రవరి 8న, డేటాకు వివక్షతో కూడిన ధరలు పెట్టడాన్ని ట్రాయ్ నిషేధించింది. ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ అలా ఆగింది.

ఇక్కడే మన నిజాయతీకి కూడా ఒక పరీక్ష ఉంది. ఫ్రీ బేసిక్స్‌కు మద్దతుగా లక్షల్లో ఒకే మూస సందేశాలు వచ్చినప్పుడు, అడిగిన ప్రశ్నలకు జవాబు లేని సంఖ్య లెక్కలోకి రాదని ట్రాయ్ అంది. మనం చప్పట్లు కొట్టాం. 2017లో ఎఫ్‌సీసీకి సుమారు 2.2 కోట్ల అభిప్రాయాలు వచ్చాయి. సంఖ్య కాదు, వాదనలో పస చూస్తామని పాయ్ అన్నారు. తిట్టాం. సూత్రం ఒకటే. 2021లో న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు ఆ అభిప్రాయాల్లో దాదాపు 1.8 కోట్లు నకిలీవని తేల్చింది. అందులో సుమారు 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారంలో పుట్టినవి. 77 లక్షలు మాత్రం నెట్ న్యూట్రాలిటీకి అనుకూలంగా 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు ఒక్కడే పంపినవి. మనకు నచ్చిన పక్షంలోనూ దొంగ ఓటు దొంగ ఓటే.

ఇంకో విషయం నోట్సులో రాసుకోండి. ట్రాయ్ చట్టం 1997లోని సెక్షన్ 11(4) పారదర్శకతను తప్పనిసరి చేస్తుంది. 2016 మేలో కాల్ డ్రాప్ పరిహారం కేసులో ట్రాయ్ నిబంధనను కొట్టేస్తూ సుప్రీంకోర్టు, వచ్చిన అభిప్రాయాలకు కారణాలతో జవాబివ్వాలనే అమెరికా తరహా చట్టం మనకూ అవసరమని పార్లమెంటుకు సూచించింది. మరుసటి ఏడాదే అదే అమెరికా ప్రక్రియ నకిలీ అభిప్రాయాల్లో మునిగింది. పద్ధతి ఉండాలి, దాన్ని కాపాడే మనుషులూ ఉండాలి.

పదవి తర్వాతి ఉద్యోగాల సంగతి కూడా. ట్రాయ్ ఛైర్మన్, సభ్యులు దిగిపోయాక రెండేళ్లపాటు కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా టెలికాం కంపెనీల్లో చేరకూడదు. ప్రభుత్వ ఉద్యోగం మీద మొదట శాశ్వత నిషేధం ఉండేది. 2014లో మాజీ ఛైర్మన్ నృపేంద్ర మిశ్రా నియామకం కోసం ఆర్డినెన్స్‌తో దాన్నీ రెండేళ్లకు తగ్గించారు. కంపెనీ నుంచి స్వతంత్రత, ప్రభుత్వం నుంచి స్వతంత్రత రెండూ వేర్వేరు. ఆన్సర్‌లో రెండూ రాయండి.

మీకు, నాకు

ఆ ఎర్ర గీత పేపర్ ఇంకా నా ఫైల్లోనే ఉంది. ఇప్పుడైతే ఆ వాక్యం ఇలా రాస్తాను: "పాయ్ తన నమ్మకానికి కట్టుబడ్డారు, ఎదురు సాక్ష్యానికి మాత్రం తగినంత చోటివ్వలేదు." మొదటి వాక్యానికి రుజువు చూపలేను. దీనికి చూపగలను.

మనలో చాలామంది ఇంటర్వ్యూలో "నేను నిజాయతీగా పనిచేస్తాను" అంటాం. నిజమే చెబుతాం కూడా. కానీ మనం నమ్మినదానికి అడ్డొచ్చే కాగితం బల్ల మీదకు వచ్చిన రోజు దాన్ని ఫైల్లో ముందు పెడతామా, అడుగున పెడతామా? అసలు పరీక్ష ఆ రోజు ఉంటుంది.

సాధన ప్రశ్న (250 పదాలు): "నియంత్రకుడి వ్యక్తిగత నిజాయతీ, నియంత్రణ సంస్థ విశ్వసనీయతకు అవసరమే కానీ సరిపోదు." ఎఫ్‌సీసీ, ట్రాయ్ అనుభవాల ఆధారంగా చర్చించండి. ఎవరి మనసు గురించీ రాయకుండా, చేతల గురించే రాసి చూడండి. ఎంత కష్టమో నాకు తెలుసు.